చక్రం వెనక అంకెలు: మొదటిసారి అల్లాయ్ వీల్స్ కొనేవాళ్ళకి

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఎడిటర్ అక్క "నీకు బాగా తెలిసిన విషయం మీద రాయి, తప్పులు నేను దిద్దుతా" అంది. నాకు బాగా తెలిసింది ఒకటే, అది కూడా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఆఫ్‌సెట్, బోర్ లాంటి మాటలకి నేను తెలుగు వెతకలేదు. టైర్ల షాపులో ఎవరూ వాడని మాట ఇక్కడ రాస్తే మీకు అక్కడ పనికిరాదు కదా.

మా ఇంట్లో 2019 స్విఫ్ట్ ఉంది, వీఎక్స్ఐ. 14 అంగుళాల స్టీల్ రిమ్ములు, పైన ప్లాస్టిక్ వీల్ కవర్లు. అందులో ఒక కవరు ఎక్కడో ఊడిపోయింది, మిగిలిన మూడింటికీ గీతలు. మొదటి సంవత్సరం సెలవుల్లో ఒకళ్ళకి వెబ్‌సైట్ చేసిపెడితే 26,000 వచ్చాయి. నా మొదటి సంపాదన. నాన్న పుట్టినరోజుకి కారుకి అల్లాయ్స్ వేయిద్దాం అనుకున్నాను. ఫోన్‌లో సెకండ్ హ్యాండ్ ప్రకటన ఒకటి చూశాను: 15 అంగుళాల చక్రాలు నాలుగు, టైర్లతో సహా 22,000. అమ్మే అబ్బాయి విజయవాడలో ఉంటాడు. "స్విఫ్ట్‌కి పడతాయా అన్నా?" అని అడిగాను. "పడతాయి బ్రో, ప్లగ్ అండ్ ప్లే" అన్నాడు. నేను అడిగిన ప్రశ్న అదొక్కటే.

నిజంగానే పట్టాయి. అదే అసలు సమస్య. మనం ప్రోగ్రామ్‌లో ఒక ఫంక్షన్‌కి తప్పు టైప్ ఇస్తే కంపైలర్ అరుస్తుంది. చక్రం అలా అరవదు. నాలుగు రంధ్రాలు నాలుగు స్టడ్ల మీదకి వెళ్ళిపోతాయి, నట్టు బిగుస్తుంది, కారు కదులుతుంది. ఎర్రర్ రన్‌టైమ్‌లో వస్తుంది. ఆ రన్‌టైమ్‌లో కారు లోపల మనవాళ్ళు కూర్చుని ఉంటారు.

మా కారులో ఆ రోజు నాన్న, నాయనమ్మ ఉన్నారు. కంటి పరీక్షకని తెనాలి నుంచి గుంటూరు బయల్దేరారు. చక్రాలు వేయించి ఐదు రోజులైంది. 80 దాటగానే స్టీరింగ్ వణుకుతోందని నాన్న 60 మీద నడిపారట. తిరిగి వస్తున్నప్పుడు నారాకోడూరు దగ్గర మంచినీళ్ళ కోసం ఆపి దిగితే, ముందు ఎడమ చక్రానికి మూడు నట్లే ఉన్నాయి. ఆ మూడింట్లో ఒకటి చేత్తో తిరుగుతోంది. డిక్కీలో ఉన్న స్పానర్‌తో బిగించుకుని 30 మీద ఇంటికొచ్చారు. నన్ను ఏమీ అనలేదు. "బాగున్నాయిరా, కానీ ఇప్పటికి పాతవి వేసేద్దాం" అన్నారు. మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి జాకీ పెట్టి స్టీల్ రిమ్ములు వేసేస్తున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఒక సెమిస్టర్ అంతా నేను చదివింది ఇదే. ఏ చక్రం అందంగా ఉంది అన్న ప్రశ్నని చివరికి నెట్టేసి, చక్రం వెనక పోతపోసి ఉండే అంకెల దగ్గర మొదలుపెట్టాలి. చక్రాన్ని బోర్లా తిప్పి చూడండి. ఆకుల వెనకవైపు, నట్లు కూర్చునే చోటు చుట్టూ చిన్న అక్షరాలు ఉంటాయి. కొనే ముందు అవి చదవాలి. ప్రకటనలో ఆ వెనకవైపు ఫొటో లేకపోతే అడిగి తెప్పించుకోండి. పంపకపోతే ఆ బేరం వదిలేయండి.

నట్ల వలయం

మొదటి అంకె పీసీడీ. నట్ల రంధ్రాల మధ్య బిందువుల గుండా ఒక వృత్తం గీస్తే దాని వ్యాసం ఇది. స్విఫ్ట్‌కి 4×100, అంటే నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల వృత్తం. బ్రెజాకి 5×114.3. ఫియట్ పుంటోకి 4×98, ఫోర్డ్ ఫిగోకి 4×108. నాలుగు రంధ్రాలుంటే కొలవడం తేలికే: ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి స్కేలు పెడితే చాలు. పక్కపక్క రంధ్రాలు కొలిస్తే 100కి బదులు 70.7 రావాలి, అది మన కర్ణం లెక్క. ఐదు రంధ్రాలుంటే ఎదురుగా రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్క రంధ్రాల దూరం కొలిచి 1.701తో గుణించాలి.

98కి, 100కి తేడా రెండే మిల్లీమీటర్లు. ఒక్కో రంధ్రం దగ్గర ఒక మిల్లీమీటరే. అందుకే 98ది తెచ్చి 100 హబ్‌కి గన్‌తో బిగించేస్తే ఎక్కేస్తుంది. కానీ నట్టు శంకువు ఆకారంలో ఉంటుంది, రంధ్రం మధ్యలోకి తనని తాను లాక్కుంటుంది. ఆ లాగుడుకి స్టడ్ వంగి నిలబడుతుంది. వంగిన స్టడ్ మీద రోజూ బరువు మారుతూ ఉంటే ఏమవుతుందో ఫెటీగ్ చదివిన మెకానికల్ వాళ్ళని అడగండి.

నేను కొన్న వాటికి ఎనిమిది రంధ్రాలున్నాయి. 4×100, 4×108 రెండూ ఒకే చక్రంలో. చాలా కార్లకి ఒకే అచ్చు సరిపోవాలని అలా చేస్తారు. అదేమీ నేరం కాదు, మంచి తయారీదారులు కూడా చేస్తారు. కాకపోతే "అన్నిటికీ పడుతుంది" అని చేసిన వస్తువు దేనికీ అచ్చంగా పట్టదు అన్న సంగతి తర్వాతి అంకెలో బయటపడింది.

మధ్య రంధ్రం

ఇదే నన్ను ముంచింది, అందుకని ఇక్కడ కాసేపు ఆగుతాను.

కారు హబ్ మధ్యలో గుండ్రంగా కొంచెం ముందుకు పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది. చక్రం మధ్య రంధ్రం దాని మీద కూర్చుంటుంది. దీన్నే సెంటర్ బోర్ అంటారు. స్విఫ్ట్ హబ్‌కి ఇది 54.1 మిల్లీమీటర్లు. కంపెనీ చక్రాలు ఆ కొలతకే తయారవుతాయి కాబట్టి టక్కున కూర్చుంటాయి. బయట దొరికే చక్రాలు చాలా కార్లకి పనికిరావాలి కాబట్టి పెద్ద రంధ్రంతో వస్తాయి, 67.1 లేదా 73.1 తరచుగా కనిపిస్తుంది. నావి 73.1. అంటే చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. చక్రం మధ్యలో హబ్‌ని తాకడమే లేదు, నట్లు ఎక్కడ నిలబెడితే అక్కడ ఉంది.

మా తాతయ్య దగ్గర చిన్నప్పుడు విన్న సంగతి ఒకటి ఇక్కడ గుర్తొచ్చింది. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు, పట్టాని కొలతకి కొంచెం తక్కువగానే చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించాక చెక్క చక్రం మీదకి దింపి నీళ్ళు పోస్తారు. చల్లారేసరికి బిగుసుకుపోతుంది. వదులుగా చేసి మేకులు కొడదాం అని వడ్రంగి అనుకోడు. చక్రం ఇరుసు నుంచి జారకుండా చివర కడశీల పెడతారు, కానీ బరువు మోసేది కడశీల కాదు, ఇరుసే. నేను నా కారులో కడశీలల చేత బరువు మోయించాను.

దీనికి విరుగుడు చాలా చిన్నది. హబ్ రింగ్ అని ప్లాస్టిక్‌దో అల్యూమినియందో ఒక ఉంగరం. బయటి వ్యాసం చక్రానికి, లోపలి వ్యాసం హబ్‌కి సరిపోవాలి. నాకు కావాల్సింది 73.1 నుంచి 54.1. అలైన్‌మెంట్ షాపు అన్న దాన్ని నా చేతిలో పెట్టినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగింటికీ కలిపి ఒక బిర్యానీ ఖర్చు కూడా లేదు. "రింగు లేకుండా వేసేసినా చాలామందికి ఏమీ అవ్వదు తమ్ముడూ, నట్లు శంకువులు కాబట్టి జాగ్రత్తగా ఎదురెదురుగా బిగిస్తే మధ్యకి వస్తుంది. నువ్వు వేయించిన చోట కారు కిందకి దించేసి గన్‌తో వరసగా కొట్టేసి ఉంటారు" అన్నాడు. అక్షరాలా అదే జరిగింది. చక్రం సగం మిల్లీమీటరు పక్కకి కూర్చున్నా 80 దాటాక స్టీరింగ్ చెప్పేస్తుంది. నాన్నకి చెప్పింది. ఒకటి గమనించండి: బోర్ హబ్ కంటే పెద్దదైతే రింగుతో సర్దుకోవచ్చు, చిన్నదైతే ఆ చక్రం మీ కారుకి కాదు. తురిమించి పెద్దది చేయిస్తాం అనే వాళ్ళ మాట వినొద్దు.

ఇక నట్టు ఎందుకు ఊడింది? స్టడ్ మీద నట్టు ఎన్ని చుట్లు ఎక్కిందో నేను లెక్కపెట్టలేదు. స్టీల్ రిమ్ రేకు పల్చన. అల్లాయ్ అదే చోట మందంగా ఉంటుంది. కాబట్టి నట్టుకి మిగిలే స్టడ్ పొడవు తగ్గుతుంది. వాడుకలో ఉన్న లెక్క ఏంటంటే, స్టడ్ వ్యాసం ఎంతో కనీసం అంత పొడవు మర నట్టులో ఉండాలి. స్విఫ్ట్ స్టడ్ 12 మిల్లీమీటర్లది, మర అంతరం 1.25. పన్నెండుని 1.25తో భాగిస్తే 9.6, అంటే పది చుట్లు. నావి ఆరు చుట్లకే బిగిశాయి. దానికితోడు ఎవరో ఆ చక్రాలకి కొత్తగా రంగు వేయించినప్పుడు నట్టు కూర్చునే గుంటలో కూడా రంగు పోసేశారు. వణుకుకి రంగు అరిగింది, నట్టు వదులైంది.

నట్లలో ఇంకో ఉచ్చు ఉంది. హ్యుందాయ్ నట్టు, మారుతి నట్టు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండూ 12 మిల్లీమీటర్లవే. కానీ హ్యుందాయ్ మర 1.5, మారుతిది 1.25. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లకి ఆగిపోతుంది. గన్‌కి మాత్రం ఆగడం తెలియదు, మరలు కొరుక్కుంటూ వెళ్ళిపోతుంది. అందుకే మొదటి ఐదారు చుట్లు చేత్తోనే తిప్పమని పట్టుబట్టండి. షాపువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. నట్టు కూర్చునే ఆకారం కూడా చూడాలి: బయటి చక్రాల్లో ఎక్కువగా 60 డిగ్రీల శంకువు, కొన్ని కంపెనీ చక్రాలకి, ఉదాహరణకి హోండాకి, గోళం ఆకారం. శంకువు గుంటలో గోళం నట్టు సన్నని గీత మీద తప్ప ఆనదు.

లోపలికా, బయటికా

ఆఫ్‌సెట్ అనేది కొంచెం తికమక పెట్టే అంకె. చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. హబ్‌కి ఆనే ముఖం ఆ గీత కంటే బయటివైపు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో అదే ప్లస్ ఆఫ్‌సెట్. చక్రం మీద ఈటీ అని రాసి పక్కన అంకె ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం ఫెండర్ బయటికి వస్తుంది, పెరిగేకొద్దీ లోపలికి, అంటే సస్పెన్షన్ వైపు వెళ్తుంది.

వెడల్పు మారితే రెండూ కలిపి లెక్కేయాలి. లెక్క తేలిగ్గా ఉండాలని పాత రిమ్ 5 అంగుళాలు, ఈటీ 45 అనుకుందాం. కొత్తది 6 అంగుళాలు, ఈటీ 35. అంగుళం పెరిగిందంటే రెండు వైపులా సగం సగం, 12.7 మిల్లీమీటర్ల చొప్పున. ఆఫ్‌సెట్ పది తగ్గింది కాబట్టి మొత్తం పది బయటికి జరిగింది. బయటి అంచు 22.7 బయటికి వచ్చింది, లోపలి అంచు 2.7 లోపలికి పోయింది. ఇప్పుడు మీ కారు దగ్గరకెళ్ళి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరుకీ ఫెండర్‌కీ మధ్య ఆ 22.7 ఉందో లేదో స్కేలు పెట్టి చూడండి. ఖాళీ కారుతో కాదు, వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి చూడండి. నేను మా బ్యాచ్ వాళ్ళని సమోసాలు పెట్టిస్తానని పిలిచి కూర్చోబెట్టాను.

బయటికి వస్తే కారు వెడల్పుగా, కోపంగా కనిపిస్తుంది. బాగుంటుంది, కాదనను. కానీ వీల్ బేరింగ్ మీద మీట పొడవు పెరుగుతుంది, టైరు అంచు ఫెండర్ దాటితే బురదంతా తలుపులకే. కంపెనీ అంకెకి ఐదు మిల్లీమీటర్లు అటూ ఇటూగా ఉండేది వెతుక్కోవడం నా దృష్టిలో మంచిది.

రిమ్ వెడల్పు పక్కన ఉండే జె అనే అక్షరం గురించి నేను చాలా రోజులు అపార్థం చేసుకున్నాను. అది అంగుళాలకి సంకేతం కాదు, టైరు పట్టుకునే అంచు ఆకారానికి గుర్తు. వెడల్పుకి తగ్గ టైరు ఉండాలి. 185/65 ఆర్15 టైరుకి 5 నుంచి 6.5 అంగుళాల రిమ్ సరిపోతుంది, 195/55 ఆర్16కి 5.5 నుంచి 7.

టైరు లెక్క

టైరు మీద 165/80 ఆర్14 అని ఉంటే: 165 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 14 అంగుళాలు. మొత్తం వ్యాసం కావాలంటే 14ని 25.4తో గుణించి, పక్క గోడ ఎత్తుని రెండుసార్లు కలపాలి. 355.6 ప్లస్ 264, మొత్తం 619.6 మిల్లీమీటర్లు. దీనికి నేను పైథాన్‌లో నాలుగు లైన్ల ఫంక్షన్ రాసుకుని కనిపించిన ప్రతి సైజూ వేసి చూశాను.

185/65 ఆర్15 వేస్తే 621.5. 195/55 ఆర్16 వేస్తే 620.9. 205/45 ఆర్17 వేస్తే 616.3. ఇది చూసినప్పుడు నాకు నిజంగా ఆనందం వేసింది. రిమ్ పెరుగుతుంటే గోడ తగ్గుతూ మొత్తం మాత్రం అక్కడక్కడే ఉండేలా ఈ సైజులు పెట్టారు. స్విఫ్ట్ పై వేరియంట్లకి కంపెనీయే 185/65 ఆర్15 ఇస్తుంది, తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. మామూలు చదువు చాలు, మెకానిక్ అవ్వక్కర్లేదు.

అదే పొరపాటున 195/65 ఆర్15 వేస్తే 634.5. పాతదానికంటే 2.4 శాతం ఎక్కువ. మీటరు చక్రం చుట్లనే లెక్కపెడుతుంది, చుట్టుకొలత పెరిగిందని దానికి తెలియదు. అది 100 అని చూపించేసరికి మీరు ముందుకంటే రెండున్నర కిలోమీటర్ల వేగం ఎక్కువలో ఉంటారు. ఏబీఎస్ కూడా చుట్లనే పోల్చుకుంటుంది, అందుకే ముందు జత ఒక సైజు, వెనక జత ఇంకో సైజు లాంటి ప్రయోగాలు వద్దు. వ్యాసం తేడా రెండు శాతం లోపే ఉంచుకోండి.

మరి 17 ఎందుకు వేయకూడదు, మొత్తం వ్యాసం సరిపోయింది కదా అని మా రూమ్మేట్ అడిగాడు. పక్క గోడ ఎత్తు చూడమన్నాను. 14కి 132 మిల్లీమీటర్లు. 15కి 120. 16కి 107. 17కి 92. గుంటలో పడినప్పుడు రిమ్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న గాలి దిండు అదే. 132 నుంచి 92 అంటే నాలుగు సెంటీమీటర్ల దిండు తీసేసినట్టు. స్టీల్ రిమ్ దెబ్బ తగిలితే వంగుతుంది, సుత్తితో కొట్టి సరిచేసి వాడేవాళ్ళని మనం చూశాం. పోత అల్లాయ్ వంగేది తక్కువ, గట్టి దెబ్బకి పగులుతుంది. మన ఊళ్ళ మధ్య రోడ్లు, వానాకాలంలో నీళ్ళ కింద కనిపించని గుంటలు తెలిసినవాళ్ళు 15 దగ్గర ఆగిపోతారు. నేను ఆగిపోయాను. ఫొటోల్లో 17 ఎంత బాగుంటుందో నాకూ తెలుసు.

టైరు మీద ఇంకో జత ఉంటుంది, ఉదాహరణకి 88 హెచ్. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మోయగలదు, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వరకు. పాతదాని కంటే లోడ్ అంకె తగ్గకూడదు. 85 అంటే 515 కిలోలు, 82 అంటే 475. చక్రానికి కూడా గరిష్ఠ బరువు వెనక పోసి ఉంటుంది, కిలోల్లో. అది లేని చక్రం అంటే తయారీదారు తన మాట మీద తనే నిలబడనట్టు. టైరు పక్కన అండాకారంలో నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. సెకండ్ హ్యాండ్‌లో "కొత్త టైర్లు బ్రో" అంటే ముందు ఇది చదవండి. గీతలు నిండుగా ఉన్నా రబ్బరుకి వయసు అవుతుంది.

బరువు, గుర్తులు, నకళ్ళు

అల్లాయ్ అంటే తేలిక అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకుంటే, దొర్లే వస్తువుకి ముందుకు పోయే శక్తి ఒకటి, తిరిగే శక్తి ఇంకొకటి. రిమ్ అంచు దగ్గర ఉన్న ఒక కిలో, కారు సీటు మీద పెట్టిన రెండు కిలోలకి సమానంగా వేగం అందుకోనివ్వదు. కాబట్టి చక్రం తేలికైతే లాభమే. కానీ అందరూ తేలికగా చేయరు.

జపాన్ కంపెనీ రేస్ 1996లో టీఈ37 అనే ఆరు ఆకుల ఫోర్జ్డ్ చక్రం తెచ్చింది. 15 అంగుళాలది 3.7 కిలోలు తూగేది, పేరులో 37 అందుకే. ప్రపంచమంతా దాన్ని నకలు చేసింది. మన షాపుల్లో ఆరు ఆకుల నల్ల చక్రం కనిపిస్తే చాలావరకు ఆ రూపం చూసి పోతపోసినదే. అలాంటిదొకటి నేను షాపులో లగేజీ తూచే స్ప్రింగు త్రాసుకి తగిలించి తూచాను: ఏడు కిలోలు దాటింది. రూపాన్ని నకలు చేయొచ్చు, ఫోర్జింగ్‌ని పోతతో నకలు చేయలేరు. అలాగని పోత చక్రం చెడ్డదని కాదు. కంపెనీ చక్రాల్లో ఎక్కువ భాగం పోతవే. పరీక్షకి నిలబడిందా లేదా అన్నదే ప్రశ్న.

అది ఎలా తెలుస్తుంది? మన దేశంలో కార్ల చక్రాలకి ఐఎస్ 9436 అనే ప్రమాణం ఉంది, ఐఎస్ఐ గుర్తు దానికి సంబంధించింది. జపాన్ ప్రమాణాన్ని జేడబ్ల్యూఎల్ అంటారు, అక్కడి స్వతంత్ర సంస్థ కూడా పరీక్షిస్తే వీఐఏ అనే గుర్తు తోడవుతుంది. ఈ గుర్తులు స్టిక్కర్ మీద కాదు, లోహంలో పోతపోసి ఉండాలి. గుర్తుని కూడా నకలు చేసే మహానుభావులు ఉంటారు కాబట్టి బిల్లు ఇచ్చే షాపులో, పేరు ఊరు ఉన్న తయారీదారు వస్తువు కొనడమే దారి. బిల్లు లేకుండా రెండు వేలు తగ్గిస్తా అన్నాడంటే, పగిలితే నాకు ఫోన్ చేయకు అని చెప్తున్నాడన్నమాట.

నా మొదటి సెట్ సంగతి పూర్తి చేయాలి. రింగులు, పొడవు నట్లు తెచ్చుకుని మళ్ళీ అవే వేసుకుందాం అనుకున్నాను, డబ్బు పెట్టాను కదా. అలైన్‌మెంట్ అన్న ముందు టైర్లు విప్పి చూద్దాం అన్నాడు. మూడో చక్రం లోపలివైపు, టైరు ఉన్నప్పుడు ఎవరికీ కనిపించని చోట, అడ్డంగా నాలుగు అంగుళాల వెల్డింగ్ మచ్చ. పైన అదే రంగు. అతను వేలితో రుద్ది చూపించి ఏమీ మాట్లాడలేదు. అమ్మిన అబ్బాయి నంబరు నన్ను అప్పటికే బ్లాక్ చేసేసింది. టైర్లు మంచివే, ఉంచుకున్నాను. ఆ నాలుగు చక్రాలూ ప్రకటన పెట్టి అమ్మేయొచ్చు అని ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు, "ప్లగ్ అండ్ ప్లే" అని రాయమన్నాడు కూడా. రెండు రోజులు ఆలోచించానని ఒప్పుకోవాలి. తర్వాత పాత ఇనుము కొనేవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళి, వెల్డింగ్ చేసినదాన్ని నా ఎదురుగానే సమ్మెటతో పగలగొట్టించి, అల్యూమినియం కిలో లెక్కన ఇచ్చేశాను. కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనాలంటే టైరు విప్పించి లోపలివైపు చూడండి, బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఒట్టి రిమ్ తిప్పించి అంచు ఊగుతోందా చూడండి. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర చూడాల్సిందేమీ లేదు.

చట్టం గురించి ఒక పేరా. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. కంపెనీ అదే మోడల్‌కి ఏ సైజు ఇచ్చిందో దానిలోనే ఉంటే మీకు తలనొప్పులు తక్కువ, నేను 15 దగ్గర ఆగడానికి ఇది రెండో కారణం. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి పాలసీలో రాయించుకోండి. కారు వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌లో ముందే అడగండి.

రెండోసారి కొన్నది: 15 అంగుళాలు, 4×100, కంపెనీ ఆఫ్‌సెట్‌కి మూడు మిల్లీమీటర్ల తేడా, కొత్తవి, బిల్లుతో. ఆకులు ఐదు, వెండి రంగు, చూసినవాళ్ళెవరూ తలతిప్పి చూడరు. హబ్ మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకించాను, లేకపోతే చక్రం సమంగా ఆనదు. రింగులు వేశాం. నట్లు చేత్తో ఎక్కించి లెక్కపెట్టాను, పదకొండు చుట్లు. చక్రం గాల్లో ఉండగా ఎదురెదురుగా బిగించి, దించాక టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకి. స్టెప్నీ పాత 14 స్టీల్ రిమ్మే, వ్యాసం దాదాపు అంతే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ పొడవు నట్లు దానికి కుదరవు, అందుకని పాత నట్లు నాలుగు ఒక గుడ్డ సంచిలో కట్టి జాకీ పక్కన పెట్టాను. ఇది చాలామంది మర్చిపోతారు, చీకట్లో పంక్చరైనప్పుడు గుర్తొస్తుంది.

కొత్త చక్రాలు వేశాక మొదటి వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్ళీ ఒకసారి బిగించి చూడాలి. ఆ ఆదివారం నాన్న, నేను, నాయనమ్మ గుంటూరు వెళ్ళొచ్చాం. నాన్న ఒకచోట 90 దాకా తీసుకెళ్ళి స్టీరింగ్ మీద రెండు వేళ్ళు పెట్టి చూశారు. వచ్చేటప్పుడు నారాకోడూరు దగ్గర నేను అడక్కముందే కారు పక్కకి ఆపారు. డిక్కీలోంచి రెంచ్ తీసి నా చేతికిచ్చి, "ముందు ఎడమది చూడు" అన్నారు. నాలుగు నట్లూ క్లిక్ అన్నాయి.